రుజువు కోసం కొన్న పుస్తకం

ఆ పుస్తకాన్ని డీటీపీ చేసింది నేనే. దాన్ని ఈ-బుక్‌గా మార్చిందీ నేనే. తర్వాత వేరే పేరు పెట్టుకుని, పరీక్ష రాస్తున్న మనిషినని అబద్ధం చెప్పి దాన్ని కొన్నదీ నేనే. ఈ మూడో పని గురించి ఇప్పటిదాకా అమ్మకి తప్ప పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

మాది కొవ్వూరు. నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. నేనూ టీచర్నవుతానని ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ట్రైనింగ్ చేసి డీఎస్సీ రెండుసార్లు రాశాను. రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. మూడోసారి రాసే ఓపిక లేక, రాజమండ్రిలో పోటీ పరీక్షల గైడ్లు వేసే ఒక పబ్లిషర్ దగ్గర డీటీపీ ఆపరేటరుగా చేరాను. పొద్దున్నే వంతెన దాటి వెళ్లడం, సాయంత్రం మళ్లీ వంతెన దాటి రావడం. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఉద్యోగం మాత్రం మారలేదు. నేను గెలవలేని పరీక్షకి వేరేవాళ్లు చదువుకునే పుస్తకాలు టైపు చేస్తూ ఇరవై ఏళ్లు గడిచాయి. ఫోన్లలో పుస్తకాలు చదివే రోజులొచ్చాక ఓనరుగారు నన్ను పిలిచి, "ఇకనుంచి మీరు డిజిటల్ ఇన్‌చార్జి అమ్మా" అన్నారు. పేరు మారింది, కుర్చీ అదే.

ఓనరుగారు చెడ్డ మనిషి కాదు. మా అమ్మకి కంటి ఆపరేషన్ అయినప్పుడు నేను అడక్కుండానే పది రోజులు సెలవిచ్చారు. అది ముందే చెప్పడం న్యాయం. ఎందుకంటే తర్వాత జరిగినవన్నీ ఆయన మీదకి నెట్టేసి నేను తప్పుకోవడం చాలా సులువు.

మొదట్లో ఈ-బుక్కుల అమ్మకం కూడా మామూలు పుస్తకాల అమ్మకంలాగే ఉండేది. మేము సగం ధరకి యాప్‌ల వాళ్లకి ఇచ్చేవాళ్లం, వాళ్లు ఎంతకి అమ్ముకుంటారన్నది వాళ్ల ఇష్టం. ఒక పెద్ద కంపెనీ యాప్ ఉండేది. వాళ్లు మా డీఎస్సీ గైడుని మాకు కట్టిన దానికన్నా తక్కువకి అమ్మడం మొదలుపెట్టారు. జనం తమ యాప్‌కి అలవాటు పడాలని వాళ్లు కావాలనే నష్టానికి అమ్ముతున్నారు. అది మా షాపుల వాళ్లకి దెబ్బ. మెయిన్ రోడ్డులో తాతల నాటి నుంచి పుస్తకాల షాపు నడుపుతున్న పెద్దాయన ఒకరు మా ఆఫీసుకొచ్చి కూర్చుని, "పిల్లలు మా దగ్గర పుస్తకం తిరగేసి చూస్తారండి. బయట మెట్ల మీద నిలబడి ఫోన్లో కొనుక్కుంటారండి. మమ్మల్ని ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. ఆ పెద్దాయన్ని చూస్తే నాకూ జాలేసింది. కాబట్టి తర్వాత చేసిన పని మంచిదేనని మొదట్లో నిజంగానే నమ్మాను.

కొన్నాళ్లకి మాలాగే గైడ్లు వేసే మరో రెండు సంస్థల యజమానులు మా ఆఫీసుకి భోజనానికి వచ్చారు. ఒకాయన ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చారు. భోజనాలయ్యాక నన్ను లోపలికి పిలిచి లాప్‌టాప్ తెరవమన్నారు. ఆ ముగ్గురూ మాట్లాడుకుంటుంటే నేను కొత్త ఒప్పందం టైపు చేశాను. ఇకనుంచి పాఠకుడికి పుస్తకం అమ్మేది పబ్లిషరే, యాప్ వాడు మధ్యలో ఏజెంటు మాత్రమే. ధర పబ్లిషరే పెడతాడు. ఏజెంటుకి నూటికి ముప్పై. ఆ ముప్పైలోంచి కూడా పాఠకుడికి ఒక్క రూపాయి తగ్గించకూడదు.

"ఒక్కళ్లం మారితే మన పుస్తకాలే పక్కన పడేస్తారండి" అన్నారు పూతరేకులు తెచ్చినాయన. "ముగ్గురం ఒకేసారి మారితే ఇంకెక్కడికి పోతారు?"

తారీఖు కూడా ఒకటే అనుకున్నారు. ఆ ఒప్పందాన్ని సంస్థల పేర్లు మార్చి మూడు కాపీలుగా తీసిచ్చాను. "భలే చేశారమ్మా" అన్నారు ఓనరుగారు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ, పెద్దవాళ్ల మధ్య కూర్చుని పనిచేశానని గర్వపడ్డాను కూడా.

పెద్ద కంపెనీ వారం తిరక్కుండా సంతకం పెట్టేసింది. అప్పటికే జనం వాళ్లకి అలవాటైపోయారు. ఇకనుంచి నష్టం లేకుండా ముప్పై వస్తుంటే వాళ్లకి కాదనాల్సిన పనేముంది? ఇబ్బంది పడింది చిన్నవాళ్లు. అందులో నిడదవోలు నుంచి ఒకాయన నడిపే యాప్ ఒకటి. ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రమే ఉండేవి ఆయన దగ్గర. మా మూడు సంస్థల గైడ్లు లేకపోతే ఆయన యాప్‌లో అమ్మడానికి ఏమీ మిగలదు. అందుకని ఆయనా సంతకం పెట్టారు.

సంతకం పెట్టారు గానీ, ఒక పని మానలేదు. ఒకసారి పరీక్ష పోయి మళ్లీ రాసేవాళ్లకి తన ముప్పైలోంచి ఇరవై తగ్గించి ఇస్తున్నారు. యాప్‌లో ఆ మాట ఎక్కడా ఉండదు. ఆయనకి ఫోన్ చేసి మాట్లాడితే ఒక కోడ్ పంపుతారు. అంత పెద్ద కంపెనీ ఉండగా జనం ఆయన దగ్గరికి రావడానికి ఉన్న కారణం అదొక్కటే.

ఈ సంగతి ఎలాగో ఓనరుగారి చెవిన పడింది. ధరలు చూసుకోవడానికని ఆఫీసు నాకొక ఫోన్ ఇచ్చింది. రోజూ పొద్దున అన్ని యాప్‌లూ తెరిచి, మా పుస్తకాల ధరలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసి చెప్పడం నా పని.

"రుజువు లేకుండా నోటీసు ఇస్తే బాగోదమ్మా" అన్నారు ఓనరుగారు. "ఒక పుస్తకం మీరే కొనండి. మళ్లీ రాస్తున్నానని చెప్పండి."

కుదరదని అనొచ్చు. అనలేదు. ఆ ఫోన్ తీసుకుని మేడ మీదకి వెళ్లి, వేరే పేరు చెప్పి ఆయనకి చేశాను.

"చెప్పండమ్మా" అన్నారాయన. గొంతు మెల్లగా ఉంది.

"డీఎస్సీకి మళ్లీ రాస్తున్నానండి. గైడు కావాలండి."

"ఎన్నోసారమ్మా?"

"మూడోసారండి."

"పోయినసారి ఎన్ని మార్కుల్లో పోయింది?"

దీనికి నేను సిద్ధపడలేదు. నోటికి ఏదో ఒక అంకె వస్తే సరిపోయేది. కానీ నిజమే వచ్చింది. "రెండు మార్కులండి" అన్నాను.

"రెండు మార్కుల్లో పోయిందంటే మీకు రాదని కాదమ్మా. ఆ రోజు కంగారు పడ్డారంతే. పిల్లలున్నారా?" అన్నారు.

"ఇద్దరండి."

"వాళ్లు స్కూలుకి వెళ్లాక రెండు గంటలు కూర్చోండి చాలు. ఇంకేం వద్దు. కోడ్ పంపుతున్నాను."

ఇరవై ఏళ్ల కిందట నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నాన్నగారు కూడా చెప్పలేదు. మేడ మీద ఫోన్ పట్టుకుని నిలబడితే కళ్లు తడయ్యాయి. ఆ తడి కళ్లతోనే కిందకొచ్చి, కోడ్ కొట్టి, నాలుగు వందల పుస్తకం మూడు వందల ఇరవైకి కొని, ఆ స్క్రీన్ ఫోటో తీసి ఓనరుగారికి మెయిల్ చేశాను. మిగతా రెండు సంస్థలకి కూడా పంపమన్నారు. పంపాను.

వారంలో మా పుస్తకాలు ఆయన యాప్‌లోంచి తీసేశాం. అదే వారం మిగతా ఇద్దరూ తీసేశారు. నోటీసులో "విశ్వసనీయమైన ఆధారం లభించినందున" అని రాసింది నేనే.

తర్వాతి సోమవారం ఆఫీసు నాకిచ్చిన ఆ ఫోన్ మోగింది. ఆయనే.

"అమ్మా, మీరు కొన్న పుస్తకం ఎక్కడికీ పోదు, మీ ఫోన్లోనే ఉంటుంది. కానీ కొత్త ఎడిషన్ వస్తే నేను ఇవ్వలేనేమో. ముందే చెబుదామని చేశాను."

"ఎందుకండి?" అని అడిగాను. అడగాల్సిన పని లేదు. అయినా అడిగాను.

"ఎవరో కొనుక్కుని పబ్లిషర్లకి చెప్పారంట. వాళ్లకేం అవసరం వచ్చిందో ఏంటో. మీరు మాత్రం చదవడం ఆపకండి. నా వల్ల మీకు ఇబ్బంది అయింది, ఏమీ అనుకోకండి."

ఆయనే నాకు క్షమాపణ చెబుతున్నారు. "పర్లేదండి" అన్నాను. ఎవరు ఎవరికి పర్లేదనాలి?

ఆ నెల చర్చిలో సంస్కారపు ఆదివారం నాడు, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి నేను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేదు. తప్పు దాచుకుని వాటిని ముట్టకూడదంటారు. వరసలో అందరూ లేచారు, నేను పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. బయటికొచ్చాక అమ్మ అడిగింది.

"ఒంట్లో బాగోలేదా?"

"తలనొప్పి."

తలనొప్పి అన్నది కూడా అబద్ధమే కదా అని ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

ఆయన ఊరుకోలేదు. వ్యాపారంలో పోటీని దెబ్బతీసే ఒప్పందాలని విచారించే కమిషన్ ఒకటి ఢిల్లీలో ఉంది. దానికి ఫిర్యాదు రాశారు. వివరాలు పంపమని మా సంస్థకి కాగితం వచ్చింది. ఓనరుగారు ఆ పూట భోజనం చెయ్యలేదు. మర్నాడు లాయరుగారిని పిలిపించారు. ఆయన నిదానంగా, పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పారు.

"చూడండి, మీ పుస్తకానికి ధర మీరే పెడతానంటే, అమ్మేవాణ్ణి నేను, అతను ఏజెంటు అని వాదించుకోవచ్చు. దానివల్ల పోటీకి నష్టమా లాభమా అని వాళ్లు లెక్క చూస్తారు. షాపుల్ని కాపాడటానికి చేశామని మనం చెప్పుకోవచ్చు. అది గెలిచినా గెలుస్తాం. కానీ పోటీలో ఉన్న పబ్లిషర్లు ముగ్గురు కూర్చుని, అందరం ఇలాగే చేద్దాం అనుకుంటే మాత్రం వేరు. పోటీకి నష్టం జరిగిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది మీరు." కళ్లజోడు తీసి అడిగారు. "అలా ఎప్పుడైనా కూర్చున్నారా?"

ఓనరుగారు నా వైపు చూశారు. "ఏమ్మా, ఎవరైనా వచ్చారా ఆ రోజుల్లో?"

ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఆ ప్రశ్న నాకు వదిలేశారంతే.

"భోజనానికి వచ్చారండి" అన్నాను.

"భోజనానికి రావడం తప్పు కాదు" అన్నారు లాయరుగారు. ఇక ఏమీ అడగలేదు. అడక్కపోవడం కూడా ఆయన వృత్తిలో భాగమేనని తర్వాత అర్థమైంది. రెండు రోజులకి ఒక కాగితం తయారుచేసి పంపారు. ఆ ఒప్పందాన్ని మా సంస్థ అవసరాల కోసమే, మా సంస్థలోనే తయారుచేశానని, బయటివాళ్ల ప్రమేయం లేదని అందులో ఉంది. కింద నా సంతకం కోసం గీత. రెండుసార్లు చదివాను. పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు గుర్తొచ్చింది. ఈ వయసులో ఇంకెక్కడ ఉద్యోగం దొరుకుతుంది అన్నదీ గుర్తొచ్చింది. సంతకం పెట్టాను.

ఈ మధ్యలో డీఎస్సీ జరిగింది. పరీక్ష రోజు సాయంత్రం ఆఫీసు ఫోన్ మోగింది.

"ఎలా రాశారమ్మా?"

"బాగానే రాశానండి."

"కంగారు పడలేదు కదా?"

"లేదండి."

"అంతే చాలు. రిజల్ట్ వచ్చాక మాట్లాడదాం."

తన యాప్ ఖాళీ అయిపోయినా, ఢిల్లీలో కేసు ఉన్నా, ఎవరెవరు పరీక్ష రాస్తున్నారో ఆయన గుర్తుపెట్టుకుని ఫోన్లు చేస్తున్నారు. రిజల్ట్ వచ్చిన రోజు పొద్దున్నే మళ్లీ చేశారు. "లిస్టు తెరిచాను, మీ హాల్ టికెట్ నంబరు చెప్పండమ్మా, నేను చూస్తాను." బస్సులో ఉన్నానని చెప్పి పెట్టేశాను. సాయంత్రం మళ్లీ చేశారు, ఎత్తలేదు. మర్నాడు రెండుసార్లు చేశారు. డ్రాయర్లో ఆ ఫోన్ కదులుతున్న చప్పుడు వింటూ ప్రూఫులు దిద్దాను. ఆ పేజీల్లో ఎన్ని తప్పులు వదిలేశానో తర్వాత తెలిసింది.

మూడో రోజు సెలవు పెట్టి, కొవ్వూరులో పాసింజరు ఎక్కి నిడదవోలు వెళ్లాను. చాగల్లులో దిగిపోదామా అనిపించింది. దిగలేదు. అది ఒక్కటే నేను ఈ వ్యవహారంలో చేసిన ధైర్యమైన పని, అది కూడా సగంలోనే ఆగింది.

స్టేషన్ దగ్గర జెరాక్స్ షాపు మీద ఒక గది. రెండు టేబుళ్లు, ఒక పాత కంప్యూటరు. గోడ మీద ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫోటోలు అంటించి ఉన్నాయి, కొందరివి పాస్‌పోర్ట్ సైజువి, కొందరు కొత్త స్కూలు ముందు నిలబడి దిగినవి. ఆయన పొట్టిగా, బక్కగా ఉన్నారు. గొంతు విని పొడుగ్గా ఉంటారనుకున్నాను. ఫోన్లో చెప్పిన ఆ పేరే చెప్పగానే కుర్చీలోంచి లేచారు.

"మీరేనా అమ్మా. మీ హాల్ టికెట్ నంబరు తెలీక రెండు రోజుల్నుంచి కంగారు పడుతున్నాను. ఏమైంది? పోయిందా? పోతే పోనీండి, కూర్చోండి."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నేను ఫలానా సంస్థలో పనిచేస్తున్నానని, రుజువు కోసమే కొన్నానని, స్క్రీన్ ఫోటో నేనే పంపానని, నోటీసు నేనే రాశానని.

ఆయన అంతా విన్నారు. కోపం వస్తుందని ఎదురుచూశాను, వస్తే బాగుండుననీ అనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగారు.

"అయితే మీరు డీఎస్సీ రాయలేదా?"

"లేదండి. ఇరవై ఏళ్ల కిందట రాశానండి. రెండు మార్కుల్లో పోయింది. అది నిజమేనండి."

"పిల్లలు?"

"ఉన్నారండి. ఇద్దరే."

తల ఊపారు. చాలాసేపు గోడ వైపు చూశారు. వ్యాపారం పోయినందుకు కన్నా, ఒక మనిషికి ఉద్యోగం వస్తుందని తాను ఎదురుచూసింది ఉత్తిదేనని తెలిసినందుకు ఎక్కువ బాధపడ్డారనిపించింది. కింద జెరాక్స్ మిషను చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి నా వైపు తిరిగారు.

"ఒక్క సంగతి అడుగుతానమ్మా. మూడు కంపెనీలూ ఒకే తారీఖున మారాయి, ఒకే వారంలో నా పుస్తకాలు తీసేశాయి. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారని మా లాయరుగారి అనుమానం. అది తేలితే కేసు నిలబడుతుంది, తేలకపోతే పోతుందంటున్నారు. మీకేమైనా తెలుసా?"

అంత దూరం వెళ్లింది నిజం చెప్పడానికే. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ లాయరుగారి కాగితం మీద నేను పెట్టిన సంతకం కళ్ల ముందు మెదిలింది.

"తెలీదండి" అన్నాను.

ఆయన నన్ను అనుమానించలేదు. "తెలిస్తే చెప్పేవారే లెండి. ఇంత దూరం వచ్చి ఇదంతా ఒప్పుకున్న మనిషి, ఇంకా దాచడానికేం ఉంటుంది" అన్నారు. కిందకి కేకేసి టీ తెప్పించారు. ఆ టీ తాగాను.

కొన్ని నెలలకి కమిషన్ ఆ ఫిర్యాదుని మూసేసింది. ముగ్గురు పబ్లిషర్లు కలిసి అనుకున్నారని చెప్పడానికి తగిన ఆధారం లేదన్నారట. ఓనరుగారు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచారు. నిడదవోలు యాప్ అప్పటికే మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు ఎవరో టైలరింగ్ నేర్పిస్తున్నారని విన్నాను. మెయిన్ రోడ్డులో పుస్తకాల షాపు పెద్దాయన కోసం అని మొదలుపెట్టిన పని కదా, ఆ షాపు కూడా ఏమీ కోలుకోలేదు. పెద్ద కంపెనీ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు వాళ్లు ముప్పై చాలదంటున్నారు. ఓనరుగారు కాదనలేకపోతున్నారు, పుస్తకం పెట్టడానికి ఇంకో చోటు లేదు.

నేను అక్కడే పనిచేస్తున్నాను. ఈ మధ్య అమ్మకి జరిగిందంతా చెప్పాను, ఆ సంతకంతో సహా. అమ్మ నన్ను తిట్టలేదు. "ఇప్పుడైనా రాయకూడదా ఆ ఢిల్లీ కమిషన్ వాళ్లకి?" అంది. రాయొచ్చు. రాస్తే నా తప్పుడు సంతకం కూడా బయటికొస్తుంది. ఈ కారణం నేను అమ్మకి చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

పోయిన నెల చుట్టాల పెళ్లికి వెళ్లి వస్తూ నిడదవోలు ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడ్డాను. ఆయన ఎదురుపడ్డారు. పక్కన ఎవరో పాత స్నేహితుడు. నేను తల దించుకున్నాను గానీ, ఆయనే గుర్తుపట్టి ఆగారు. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగారు. చెప్పాను. తర్వాత స్నేహితుడి వైపు తిరిగి నన్ను పరిచయం చేశారు.

"ఈవిడ చాలా మంచావిడండి. ఈ రోజుల్లో తప్పు చేసినవాళ్లు ఎవరొచ్చి చెబుతారు? ఈవిడ మా గదికొచ్చి ఉన్నదంతా చెప్పారండి."

ఆ స్నేహితుడు నాకు గౌరవంగా నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. రైలు వచ్చింది. ఆయన నా చేతిలో సంచీ అందుకుని, నేను ఎక్కాక లోపలికి అందించారు.